తాడు వేయకుండా దూకిన రోజు

పిడుగురాళ్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తొంభైల చివరి రోజులవి. మాది దర్శి దగ్గర పల్లె. మిరప తోటల బావుల్లో ఈత నేర్చుకున్నవాణ్ణి. ఈ ఊరొచ్చాక ఈతా లేదు, నీళ్లూ లేవు. సున్నపు బట్టీల పొగ, లారీల దుమ్ము, ఆరేసిన చొక్కా మీద సాయంత్రానికల్లా తెల్లటి పొర. ఆదివారం వచ్చిందంటే ఏం చేయాలో తోచేది కాదు.

నా గది పక్క వాటాలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. నా ఈడువాడే. ఒక ఆదివారం ఉదయం బావి దగ్గర నన్ను చూసి, “సారూ, మీకు ఈతొచ్చా?” అన్నాడు. వచ్చన్నాను. “అయితే టవలు తీసుకుని రండి” అని సైకిలు వెనక ఎక్కించుకుని వెళ్లాడు.

ఊరి బయట, రాయి తీసి తీసి వదిలేసిన పాత క్వారీ అది. వానలకు నిండి పెద్ద చెరువంత అయింది. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. రాయి కొట్టినప్పుడు వదిలిన మెట్లు మూడు, గోడకి అరుగుల్లా ఉన్నాయి. మొదటిది నీళ్లకు రెండు నిలువుల ఎత్తు. రెండోది నాలుగు. మూడోది చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వంచాల్సి వచ్చింది.

అక్కడ ఆరుగురున్నారు. అందరూ క్వారీల్లో, బట్టీల్లో పనిచేసేవాళ్లే. వాళ్లందరికీ పెద్ద ఒక మేస్త్రీ. ముస్లిం, యాభై దాటిన మనిషి. క్వారీలో రాతికి మందు పెట్టి పేల్చే పని ఆయనది. సన్నగా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. పల్చటి గొంతు. ఆయన గట్టిగా అరవగా నేను ఎప్పుడూ వినలేదు.

వెళ్లగానే దూకుతారనుకున్నాను. దూకలేదు. మేస్త్రీ ఒక పొడుగాటి నూలుతాడు తీశాడు. చివర బరువు కోసం అరిగిపోయిన డ్రిల్లు బిట్టు కట్టి ఉంది. తాడుకు బారకొక ముడి. ప్రతి మెట్టు కింద నీళ్లలోకి వదిలి, ముడులు లెక్కపెట్టి, పైకి లాగి, మళ్లీ వదిలి, అలా గంటసేపు. నాకు విసుగొచ్చింది.

“పోయిన వారం చూశారు కదండీ. వారంలో లోతు ఏం మారుతుంది?” అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. “మారదనే అనుకుంటాం సారూ. అందుకే చూస్తాం.”

నన్ను మూడు ఆదివారాల పాటు దూకనివ్వలేదు. కొత్తవాళ్లెవరైనా అంతే. ఊరికే కూర్చుని చూడాలి, తాడు పట్టుకోవాలి. ముడులు లెక్కపెట్టడం నాకు అలా వచ్చింది. ఎత్తు నుంచి పడే వస్తువు వేగం ఎంతో నల్లబల్ల మీద నిమిషంలో కట్టి చూపించేవాణ్ణి. ఆ వేగంతో పడేది నేనే అయినప్పుడు ఏం చూసుకోవాలో మాత్రం ఏడో తరగతి దాటని ఆ మనిషి దగ్గర నేర్చుకున్నాను.

గట్టు మీద ఒక అక్క కూర్చునేది. క్వారీ దారిలో టీకొట్టు ఆమెది. ఆదివారం కొట్టు మూసి, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి, దానికి కట్టిన మోకు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆమె రాకపోతే ఎవరూ దూకేవాళ్లు కాదు. ఒకసారి ఆమెకి జ్వరమొస్తే, పన్నెండు దాకా చూసి అందరూ ఇళ్లకు పోయారు.

ఎందుకలా అని డ్రైవర్ని అడిగాను. ఆమె భర్త ఆ గుంటలోనే పోయాడని చెప్పాడు. తాగి, పందెం కాసి, మూడో మెట్టు మీంచి దూకాడట. కింద రాయి ఉందని ఎవరికీ తెలియదు. చుట్టూ నిలబడి కేకలు వేసినవాళ్లలో ఒక్కడి దగ్గరా తాడు లేదు. నెల తర్వాత ఆమె మేస్త్రీ దగ్గరికి వెళ్లి అందట: “దూకొద్దంటే ఈ మగోళ్లు మానరు అన్నా. దూకేదేదో నా కళ్ల ముందర దూకమను. నేను కూర్చుంటా.”

అప్పట్నుంచే ఆ కట్టుబాట్లు. తాగినవాడు గట్టు ఎక్కకూడదు. పందెం మాట ఎత్తకూడదు. ఒకణ్ణి ఒకడు నెట్టకూడదు, రెచ్చగొట్టకూడదు. పిల్లల్ని తీసుకురాకూడదు. పక్క క్వారీలో మందు పేల్చే రోజు అటువైపు పోకూడదు. అన్నిటికన్నా నాకు వింతగా అనిపించింది ఒకటుంది. మెట్టు చివరిదాకా వెళ్లినవాడు దూకకుండా వెనక్కి దిగి వస్తే ఎవరూ నవ్వకూడదు. నవ్వకపోవడమే కాదు, ఎందుకని అడగను కూడా కూడదు. అక్క ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చేది. అతను పక్కన కూర్చుని తాగేవాడు. మాటలు పంట మీదికో, లారీ టైర్ల మీదికో పోయేవి.

చాలా ఏళ్ల తర్వాత ఒక నెట్ సెంటర్‌లో వీడియో ఒకటి చూశాను. ఏదో చల్లటి దేశంలో కొండ కొమ్ము మీంచి, వీపున పారాచూట్లు కట్టుకుని మనుషులు దూకుతున్నారు. బేస్ జంపింగ్ అంటారట. వాళ్లలో ఒకతను అంచు దాకా వెళ్లి, గాలి ఎటు వీస్తుందో చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చేశాడు. మిగతావాళ్లు అతని భుజం తట్టి పక్కకి జరిగి చోటిచ్చారు. మా పిడుగురాళ్ల గుంటకీ ఆ కొండకీ పోలికే లేదు. అయినా ఆ చోటివ్వడం చూసి కళ్లు చెమర్చాయి. ఆ మర్యాద నాకు తెలుసు.

అయితే ఆ మర్యాద నాకు ఊరికే రాలేదు.

చేరిన ఏడాదికల్లా రెండో మెట్టు మీంచి బాగానే దూకేవాణ్ణి. ఆ వేసవిలో మా కాలేజీ లెక్కల లెక్చరర్ని వెంట తీసుకెళ్లాను. నా గొప్ప చూపించుకోవడానికే. ఆ రోజు మూడో మెట్టు ఎక్కుతానన్నాను. మేస్త్రీ నా ముఖంలోకి చూశాడు.

“ఇయ్యాల వద్దు సారూ.”

“ఏం? లోతు సరిపోలేదా?”

“లోతు సరిపోయింది. మీ చూపు నీళ్ల మీద లేదు. ఆయన మీదుంది.”

అందరి ముందూ అన్నట్టు తోచింది నాకు. నిజానికి నాకొక్కడికే వినిపించేలా అన్నాడు. ముఖం మాడ్చుకుని టవలు భుజాన వేసుకుని వచ్చేశాను. లెక్కల సారు దారంతా పరీక్ష పేపర్ల సంగతే మాట్లాడాడు. అది ఇంకా కాల్చింది.

నాలుగో రోజు, బుధవారం. మధ్యాహ్నం క్లాసులు లేవు. ఒక్కణ్ణే క్వారీకి వెళ్లాను. ముందు రెండో మెట్టు మీంచి దూకి ఒళ్లు తేలిక చేసుకుని, ఆ తర్వాత మూడోది ఎక్కాలని నా పథకం. తాడు లేదు. ఎప్పుడూ నిలబడే చోట కాకుండా కొంచెం ఎడమగా నిలబడ్డాను, అక్కడ నీడ ఉందని. నీళ్లు రోజూలాగే పచ్చగా ఉన్నాయి. దూకాను.

నీళ్లలోకి వెళ్లిన సంగతి గుర్తుంది. వెంటనే కాళ్ల కింద ఏదో పేలినట్టయింది. మడమల నుంచి నడుం దాకా మంట పాకింది. పైకి ఎలా తేలానో తెలియదు. గోడకి ఒక రాయి అంచు చేతికి దొరికితే పట్టుకున్నాను. అరిచాను. నా అరుపు ఆ గోడల మధ్యే తిరిగి నాకే వినిపించింది. కాళ్లు ఆడించలేకపోతున్నాను. వేళ్లు జారుతుంటే చేయి మార్చుకుంటూ ఎంతసేపున్నానో. మా అమ్మ గుర్తొచ్చింది. తర్వాత, సిగ్గు విడిచి చెప్పాలంటే, లెక్కల సారు గుర్తొచ్చాడు. ఇతనికి ఏమని చెప్పాలా అనుకున్నాను.

గట్టు మీద అక్క కనిపించింది. భుజాన ట్యూబు ఉంది. నేను టవలు వేసుకుని ఆమె కొట్టు ముందు నుంచి పోవడం చూసిందట. టీ తాగుతున్న లారీవాళ్లకు గ్లాసులు అందిస్తూనే దారి వైపు ఒక కన్ను వేసి ఉంచిందట. ఎంతకీ తిరిగి రాకపోయేసరికి స్టవ్ కట్టేసి వచ్చింది.

“సారూ, మాట్లాడబాకండి. ట్యూబు వేస్తన్నా, చంకల కింద పెట్టుకోండి, అంతే!”

మోకు ఒక రాయికి చుట్టి, కొట్టు దగ్గరున్న ఇద్దర్ని కేకేసింది. వాళ్లు నన్ను దారివైపు ఒడ్డుకు లాగి మోసుకొచ్చి, ఎదురుగా ఆగి ఉన్న లారీ ఎక్కించబోయారు. అక్క అడ్డం నిలబడింది.

“ఒరేయ్, అది సున్నం లారీరా! తడి మనిషిని దాంట్లో పడుకోబెడితే ఒళ్లు కాలిపోద్ది. రాళ్ల లారీ ఆపండి!”

నొప్పిలో కూడా ఆ మాట నా చెవిన పడింది. ఆ మాట అనడానికి ఆమె అక్కడ లేకపోతే, మడమలతో పాటు నా వీపు కూడా పోయేది.

నరసరావుపేటలో ఎముకల డాక్టరు రెండు మడమలూ విరిగాయని, నడుంలో ఒక పూస కొంచెం నలిగిందని చెప్పాడు. రెండు కాళ్లకూ పిండికట్లు వేశారు. అడిగిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను: “గట్టు మీద నడుస్తుంటే కాలు జారింది.” మా నాన్నకీ అదే, కాలేజీలోనూ అదే. మేస్త్రీ వచ్చి మంచం పక్కన కూర్చున్నప్పుడూ అదే.

“ఎక్కడ జారింది సారూ?”

“రెండో మెట్టు అంచున.”

ఆయన తల ఊపాడు. తెచ్చిన బత్తాయిలు రెండు ఒలిచి ఇచ్చి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం డ్రైవరు వచ్చాడు. అరచేతులు రెండూ బొబ్బలు. ఏమిటని అడిగాను. “రెండో మెట్టు అంచు నున్నగా ఉందేమోనని పొద్దుట్నుంచీ గునపాలతో గరుకు చేశాం సారూ. మేస్త్రీ కూడా కొట్టాడు, ఆ వయసులో. ఇంకెవరూ జారరులెండి. వచ్చే ఆదివారం నేను ముందు దూకి చూస్తా. ఎడమ పక్కన నీడగా ఉంటది, ఆడ నిలబడతా.”

నేను ఆ బొబ్బల వంక చూశాను. మండే ఎండలో ఆరుగురు మనుషులు నా అబద్ధాన్ని గునపాలతో కొట్టారు. ఇప్పుడు ఇతను సరిగ్గా నేను దూకిన చోటనే దూకబోతున్నాడు.

“మేస్త్రీ గారిని రేపే రమ్మను” అన్నాను. “అక్కని కూడా. ఈలోపు ఎవరూ దూకొద్దు.”

మర్నాడు ముగ్గురూ వచ్చారు. చెప్పాను. జారలేదని, దూకానని, తాడు వేయలేదని, ఆదివారం నన్ను ఆపారన్న కోపంతో వెళ్లానని చెప్పాను. చెబుతూ గోడ వైపు చూస్తున్నాను. తిడతారనుకున్నాను. బొబ్బలు పడిన అతనికైనా తిట్టే హక్కుంది.

మేస్త్రీ అడిగింది ఇంతే. “గోడకి ఎన్ని అడుగుల దూరంలో పడ్డారు? కాళ్లకు తగిలేసరికి నీళ్లు తల మీద ఎంతున్నాయి? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోండి సారూ, తొందరేం లేదు.”

కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఆ సాయంత్రమే వాళ్లు వెళ్లి తాడు వేశారు. ఎప్పుడూ వేసే చోట్ల లోతు సరిగానే ఉంది. నేను పడిన చోట మాత్రం రెండో ముడి కూడా మునగలేదు. పక్క క్వారీవాళ్లు పనికిరాని రాళ్లు ట్రాక్టర్లతో తెచ్చి ఆ మూల నీళ్లలోకి దొర్లించారట. పైకి ఏమీ కనిపించదు. ఎడమ పక్కకి ఎవరూ పోకుండా మేస్త్రీ అడ్డంగా బండలు పేర్పించాడు. అప్పట్నుంచి కాలు పెట్టే ప్రతి చోటా తాడు వేయడం మొదలైంది. గంట పట్టే పని రెండు గంటలైంది.

కొన్నాళ్లకి మేస్త్రీని అడిగాను, ఆ రోజు నన్ను ఎందుకు తిట్టలేదని.

“తిడితే రేపు ఇంకోడు కూడా జారిందనే చెప్తాడు సారూ” అన్నాడు. “అప్పుడు రాయి ఎక్కడుందో నాకెట్టా తెలుస్తది?”

నలభై మందికి పాఠం చెప్పేవాణ్ణి. తప్పు లెక్క చేసిన పిల్లల్ని అప్పటిదాకా నిలబెట్టి ఎగతాళి చేసేవాణ్ణి. ఆ ఏడు నుంచి మానేశాను. ఎక్కడ తప్పిందో చెప్పమని అడిగి, చెప్పేదాకా ఆగడం అలవాటు చేసుకున్నాను. ఇరవై ఏళ్లుగా నా దగ్గర చదువుకున్న పిల్లలు నాకు చెప్పే కృతజ్ఞతల్లో సగం ఆయనకి చేరాల్సినవి.

కట్లు విప్పి, కర్ర వదిలి, మళ్లీ క్వారీకి వెళ్లేసరికి కార్తీకం వచ్చింది. నీళ్లు మొదటి మెట్టుకు దగ్గరగా ఎక్కి ఉన్నాయి. ఎవరూ ప్రత్యేకంగా పలకరించలేదు. డ్రైవరు జరిగి పక్కన చోటిచ్చాడు. తాడు నా చేతికిచ్చారు. ఆ నెలంతా ముడులు లెక్కపెట్టాను. తర్వాత ఒక ఆదివారం మొదటి మెట్టు ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రీ బీడీ ముట్టించుకుంటున్నాడు, అక్క మోకు చుట్ట విప్పుతోంది. ఎవరూ నన్ను చూడటం లేదు. నాకు తెలుసు, అందరూ చూస్తున్నారు. దూకాను. చల్లటి నీళ్లు నన్ను మొత్తంగా పట్టుకుని మెల్లగా పైకి వదిలాయి.

మూడో మెట్టు మీంచి నేను ఎప్పుడూ దూకలేదు. దూకాలనీ అనిపించలేదు. ఇంకో ఐదేళ్లు ఆదివారాలు అక్కడే గడిచాయి. అందులో ఎక్కువ భాగం అక్క పక్కన ట్యూబు కాపలాలో. రెండువేల దశకం మధ్యలో ఆ క్వారీని మళ్లీ తెరిచారు. మోటార్లు పెట్టి నీళ్లు తోడేశారు. మా గుంపు ఎవరి పనుల్లో వాళ్లు పడింది. డ్రైవరు తాడేపల్లి దగ్గర సొంత లారీ పెట్టుకున్నాడు. మేస్త్రీ మందు పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లాడు.

అక్క కొట్టు మాత్రం చాలాకాలం ఉంది. అటు వెళ్లినప్పుడల్లా ఆగేవాణ్ణి. నేను కుంటడం తగ్గిందో లేదో చూడటానికి రోడ్డు దిగి నాలుగడుగులు నడిచి చూపించమనేది. నడిచేవాణ్ణి. లారీవాళ్లు వింతగా చూసేవాళ్లు.

“బాగానే నడుస్తన్నారు” అని గ్లాసు కడిగేది.