బావ పేరు మీద రెండు రోజులు

బైబిల్ మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా సంఘం వాళ్ళు వింటే ముందు ఆ బైబిల్‌ని నా చేతికింద నుంచి లాగేసుకుంటారు. గోంగూర పచ్చడి ఎత్తుకెళ్ళిన రకూన్ అనే దొంగ జంతువు ఆ కారానికి నదిని సగం తాగేసిందనీ, మర్నాడు పడవలన్నీ బురదలో కూర్చున్నాయనీ చెప్పినవాణ్ణి మరి.

ఆ కథ చివరిదాకా విన్నవాడు మా బావ ఒక్కడే. మంటలోకి కట్టె ఎగదోస్తూ, మొహం గంభీరంగా పెట్టి, "ఊఁ, తర్వాత?" అనేవాడు.

"ఆయన అడగడం, నువ్వు కోతలు కొయ్యడం! ఆదివారం ఏ మొహం పెట్టుకుని పాటలు పాడతావురా?" అని అక్క తిట్టేది. వేళాకోళానికైనా అబద్ధమాడని మనిషి. ఫోనొచ్చినప్పుడు లేనని చెప్పమని బావ సైగ చేస్తే, "ఉన్నారండీ, మాట్లాడనంటున్నారు" అని చెప్పిన మనిషి.

ప్రతి ఆగస్టులో కెనడాలో మేముండే ఏజాక్స్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసుకుని ఆ నది ఒడ్డు పార్కుకి వెళ్ళేవాళ్ళం. నీళ్ళ పక్కనే, దేవదారు చెట్ల కింద, టెంట్ వేసుకునే ఆ సైట్ కావాలంటే ఐదు నెలల ముందే, పొద్దున్న ఏడింటికి బుకింగ్ తెరుచుకునే క్షణానికి కాచుక్కూర్చోవాలి. ఈ ఏడు కూడా మార్చిలో బావ కాఫీ కప్పుతో కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని పట్టేశాడు. మే నెలలో గుండెపోటుతో పోయాడు.

"పేరు మార్పిద్దాం అక్కా, ఒక్క ఫోన్ కొడితే అయిపోతుంది," అన్నాను.

"వద్దు. ఆయన చేసింది ఆయన పేరు మీదే ఉండనీ."

బ్యాంకులో, కరెంటు బిల్లు మీద, ఇంటి కాగితాల్లో, ఆ మూడు నెలలూ ఒక్కోచోటా బావ పేరు తీయించుకుంటూ వచ్చింది. మిగిలింది ఇదొక్కటే.

ఆగస్టులో అక్కా నేనూ బయల్దేరాం. పార్కు గేటు దగ్గరున్న అమ్మాయి బుకింగ్‌లో పేరు చదివి, కారులోకి తొంగిచూసి, "ఆయన మీతో ఉన్నారా?" అని అడిగింది. నేను నోరు తెరిచాను. "వెనక కారులో వస్తున్నారమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, బావ పేరు అచ్చేసిన పర్మిట్ ఇచ్చింది. ఉన్నన్ని రోజులూ కారు అద్దం వెనక కనబడేలా పెట్టాలట. అక్క నన్ను తిట్టలేదు. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని మడతలు సాపు చేసింది.

టెంట్ నేనే వేశాను, ఒక మూల కుంగింది. భోజనానికి ముందు బావ చేసే ప్రార్థన ముగిసేసరికి కోడికూర చల్లారిపోయేది. ఈసారి అక్క "ప్రభువా" అంది, వెంటనే "ఆమేన్" అంది. ఆ బల్ల దగ్గర కూర వేడిగా తినడం అదే మొదటిసారి.

తర్వాత మంట దగ్గర రకూన్ కథ ఎత్తుకున్నాను. అది నది దాకా పరుగెత్తిన చోట, అలవాటు కొద్దీ ఆగాను. నీళ్ళ చప్పుడు వినబడింది. అక్క కారు అద్దం వైపు చూస్తోంది. కథ అక్కడే వదిలేశాను.

వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం రెండింటికల్లా సైట్ ఖాళీ చేయాలి. అన్నీ సర్దేసినా అక్క కారెక్కలేదు.

"ఇంకా పది నిమిషాలుంది కదరా," అంది.

రెండు కొట్టాక పర్మిట్ తీసి తన బైబిల్లో పెట్టుకుంది.

ఇందులో ఒక్కటే నా కల్పన. గేటు దగ్గర నేను నోరు తెరిచిన మాట నిజమే. ఇన్ని కోతలు కోసిన నోరు, "ఆయన పోయారమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పబోయింది. అంతలో అక్క నా మీదుగా కిటికీ వైపు వంగి, "వెనక కారులో వస్తున్నారమ్మా," అంది.