కంప్యూటర్‌కు బొట్టు పెట్టిన ఆఫీసు

రోబోలకు చట్టం ముందు మనిషి హోదా ఇవ్వాలా వద్దా అని టీవీలో వాదించుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా సిద్దిపేటలో తొంభైల్లోనే అంతకంటే పెద్ద హోదా ఇచ్చేశారు.

ఇంటర్ సివిక్స్ పరీక్ష మూడు గంటలు కూర్చుని రాశాను. హాజరు పట్టీలో సంతకం కూడా పెట్టాను. మార్కుల మెమోలో మాత్రం నేను పరీక్షకే రాలేదని వచ్చింది. టీచర్ ట్రైనింగ్ ఫారానికి ఇక పది రోజులే గడువు. బాపు, అంటే మా నాన్న, నన్ను వెంటబెట్టుకుని మెమోలిచ్చే ఆఫీసుకు వెళ్లాడు.

కంప్యూటర్ గది బయట చెప్పులు విడవమన్నారు, విడిచాం. గుమాస్తా మెమో చూసి పెదవి విరిచాడు.

"నేనేం జెయ్యాలమ్మా, కంప్యూటర్ గిట్లిచ్చింది."

"పెన్నుతోని కొట్టేసి రాయరాదు సారూ?" అన్నాడు బాపు.

"అమ్మో! అదిచ్చినంక మేం చెయ్యి పెట్టొద్దు."

"హాజరు పట్టీ చూడండి సార్, నా సంతకం ఉంటది" అన్నాను.

"కంప్యూటర్ చెప్పినంక పట్టీ ఎందుకమ్మా?"

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు, గిది గట్లనే ఉంది" అని గొణుక్కుంటూ బాపు చెప్పులేసుకున్నాడు.

అక్కడి నుంచి వకీలు దగ్గరికి పోయాం. ఆయన తొగుట వైపు ఒక గుడి భూమి కేసు వాదిస్తున్నాడు.

"గా కేసు దేవుని పేరు మీదనే నడుస్తుంది. చట్టం ముందట దేవుడు మనిషి లెక్కనే. కంప్యూటర్ గట్ల గాదు, దాని మీద కేసు ఎయ్యలేం బిడ్డా, ఆఫీసు మీద ఎయ్యాలె. ఏండ్లు పడ్తది" అన్నాడు.

ఏళ్లట! నాకు ఉన్నది పది రోజులు. అవి అర్జీలు రాయడంలోనే పోయాయి. ఆ ఏడు ట్రైనింగ్ లేదు.

దసరా ముందు, మా అర్జీల మీద సరిచేసిన కొత్త మెమో వచ్చిందని కబురొస్తే వెళ్లాం. ఆఫీసులో ఆయుధ పూజ. కంప్యూటర్‌కు బొట్టు, బంతిపూల దండ. గుమాస్తా మెమోతో పాటు కొబ్బరిముక్క కూడా ఇచ్చాడు.

"దండం బెడ్తే దానికి. అది తప్పు జేస్తే ఎవ్వన్ని అడగాలె సారూ?" అన్నాడు బాపు.

గుమాస్తా మా పాత మెమో తీసుకున్నాడు. దాన్ని లోపల పెట్టడానికి కంప్యూటర్ వెనకున్న బీరువా తెరిచాడు. హాజరు పట్టీల కట్ట కనిపించింది. "నాది తీయండి" అన్నాను, దాదాపు అరిచాను. తీశాడు. నీలం సిరాతో నా సంతకం.

వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.