ఓనరమ్మ చెక్క బీరువా

నిన్న మా గోపన్‌పల్లి ఫ్లాటుకి పురుగుల మందు పెట్టే మనిషి వచ్చి, వంటింటి అరల మూలల్లో ఆవగింజంత చుక్కలు పెట్టి, పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. తరవాత సింకు కింద చచ్చిపడిన ఒక్క బొద్దింకను కాగితంతో ఎత్తుతుంటే నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు నర్సుగా చీము పట్టిన పుళ్ళు కడిగినదానివి, దీనికింత అసహ్యమా అని మా అమ్మాయి నవ్వింది. తను పాలు తాగే రోజుల నాటి సంగతి తనకేం తెలుసు? కిరాయి వాటాల్లో కాపురం మొదలుపెట్టిన మీకైతే చెప్పగానే తెలుస్తుంది.

అప్పట్లో మేము మియాపూర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. భర్త పోయిన ఓనరమ్మ పక్క వాటాలో ఒంటరిగా ఉండేది. తనకు చోటు చాలదని పాత చెక్క బీరువా ఒకటి తాళం వేసి మా వెనక గదిలోనే ఉంచింది. చేరిన నెలకే బొద్దింకలు మొదలయ్యాయి. తువ్వాలు దులిపితే రాలేవి, అన్నం గిన్నె మూత తీస్తే మీసాలు ఆడించేవి. బోరిక్ పొడి పిండిలో కలిపి ఉండలు పెట్టాను, తూములో కిరసనాయిలు పోశాను, వేపాకు పొగ వేశాను. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి, రెండు రోజులుగా విరేచనాలతో వాడిపోయిన పాప పాలసీసా పీకను ఒక బొద్దింక కొరుకుతూ కనిపించింది. పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

ఓనరమ్మతో చెప్పుకోబోతే ఆవిడ ఎదురు తిరిగింది.

“ఇన్నేండ్లల్ల ఒక్క పురుగు సూడలే. మీరొచ్చినంకనే వచ్చినయ్. గిట్లయితే ఇల్లు ఖాళీ చెయ్యున్రి.”

జబ్బు పిల్లతో ఎక్కడికి పోతాం? ఆ ఆదివారం చర్చికి వెళ్ళడం మానుకుని వెనక గది సామానంతా బయట పెట్టాను. బీరువా తలుపు సందులోంచి బారులు బారులుగా పాకి వస్తున్నాయి.

“పిన్నిగారూ, ఒక్కసారి తాళం తియ్యండి, మీకు దణ్ణం పెడతాను,” అన్నాను.

తియ్యనంది. పాపను ఎత్తుకుని ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోతే, చివరికి కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

తలుపు తెరవగానే కుళ్ళిన నూనెలాంటి కంపు ముఖాన కొట్టింది. లోపల మగమనిషి చొక్కాలు, ధోవతులు. ప్రతి మడతలోనూ నల్లటి రెట్టలు, గోధుమరంగు గుడ్ల తిత్తులు. చెయ్యి పెట్టానో లేదో, వందల బొద్దింకలు మోచేతుల మీదుగా జాకెట్టు చేతుల్లోకి ఎగబాకాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఓనరమ్మ అంది.

“ఆయన బట్టలు బిడ్డా. ఆయన పోయినంక మల్ల తెర్వ మనసు రాలే.”

నా అసహ్యం కరిగిపోయిందంటే అబద్ధం. పళ్ళు బిగబట్టి ఒక్కో బట్టా లాగి పెరట్లో కుప్ప పోశాను, ఆవిడే నిప్పు పెట్టింది. కాస్త తక్కువ కొరికిన చొక్కా ఒకటి మాత్రం మరిగే నీళ్ళలో మూడుసార్లు ఉతికి చేతికిచ్చాను. ఆవిడ దాన్ని ముఖానికి అదుముకుంటుంటే, నా అసహ్యం కనపడకుండా ముఖం అటు తిప్పుకున్నాను. పాప తేరుకుంది. ఇల్లు ఖాళీ చేయమన్న మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, ఆ వాటాలో ఆరేళ్ళున్నాం.

ఇప్పుడు మాకు బొద్దింకలు పక్క ఫ్లాటు పైపులోంచి వస్తున్నాయట. మా అమ్మాయి వాళ్ళ మీద మెయింటెనెన్సు వాళ్ళకి ఫోనులోనే ఫిర్యాదు పెట్టేసింది. నాలుగేళ్ళుగా వాళ్ళకూ మాకూ ఒకటే గోడ, అయినా ఆ ఇంటావిడ ఎలా ఉంటుందో నాకు తెలియదు. వెళ్ళి మాట్లాడదామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. బెల్లు నొక్కడానికి చెయ్యి రాలేదు.