డాక్టరుగారి విరిగిన ఎముకలు

డాక్టర్ ఆర్లో బెక్‌విత్ దగ్గరికి ఎవరు ఏ ఎముక విరగ్గొట్టుకుని వెళ్ళినా, కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో అదే ఎముక ఆయనకూ విరిగి ఉంటుంది.

"మోచెయ్యా? ఓస్, నాదీ ఇలాగే! బంతి చంకలో పెట్టుకుని పరిగెడుతున్నాను. అవతలి జట్టు జట్టంతా మీద పడింది. టప్‌మంది!" అంటూ, వాళ్ళు అరిచేలోగా పిండికట్టు వేసేసేవాడు.

విస్కాన్సిన్‌లోని ఆ పాడిరైతుల ఊళ్ళో, మంగలి షాపులో కాలక్షేపమంతా ఆయన ఎముకలే.

"మా ఆవిడకి పక్కటెముక విరిగింది. ఆయనకీ విరిగిందట."

"ఇన్ని విరిగిన మనిషి ఆటెప్పుడు ఆడాడయ్యా?"

"ఆడింది ఆయన్ని మైదానం నుంచి మోసుకెళ్ళినవాళ్ళయి ఉంటారు!"

ఓసారి నొప్పులు పడుతున్న మిసెస్ హాల్వర్సన్ పక్కన కూర్చుని, "నాకూ సరిగ్గా ఇలాగే..." అని మొదలుపెట్టి, ఆవిడ చూసిన చూపుకి ఆ వాక్యం అక్కడే మింగేశాడు.

ఆయన దగ్గర నర్సుగా ఉన్న థోరాకి ఒకటే కుతూహలం. వాన వచ్చే ముందు ఊళ్ళో విరిగి అతికిన ఎముకలన్నీ సలుపుతాయి. ఈయన మాత్రం ఈల వేసుకుంటూ మెట్లు రెండేసి ఎక్కుతాడు. ఎలా?

ఆ వసంతంలో ఆయన పాత జట్టు నాయకుడు వెండెల్ క్రౌస్ చూడవచ్చాడు. థోరా ముందుగదిలోనే పట్టుకుంది.

"నిజంగా అన్నీ విరిగాయాండీ?"

"ఆర్లోకా?" క్రౌస్ పగలబడి నవ్వాడు. "వాణ్ణి పట్టుకున్నవాడుంటే కదమ్మా విరగడానికి! చొక్కాకి బురదైనా అంటేది కాదు."

అప్పుడే లోపలినుంచి కేకలు వినిపించాయి. నెల్స్ లొక్కెన్ అనే పాడిరైతువి. ఆవు తన్ని తొడ ఎముక విరిగింది. ఇప్పుడది అతుక్కుంది, కట్టూ విప్పారు. కానీ మళ్ళీ విరుగుతుందన్న భయంతో అడుగు కింద పెట్టడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మోకాలు బిగుసుకుపోతుంది, ఆవులను అమ్ముకోవాలి.

"నా తొడ ఎముకా ఇంతే నెల్స్..." అంటున్నాడు డాక్టరు, థోరా, క్రౌస్ గుమ్మంలోకి వచ్చేసరికి.

"చాలించండి డాక్టరుగారూ! ఊరంతా నవ్వుతోంది. నిజంగా విరిగినవాడెవడూ మళ్ళీ పరిగెత్తడు!" నెల్స్ గుమ్మంలో నిలబడ్డ క్రౌస్‌ని చూశాడు. "మీరు కలిసి ఆడినవారట. చెప్పండి, విరిగిందా?"

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళుగా ఆయన ప్రతి రోగి ముందూ నిలబెడుతున్నదెవరినో థోరాకి అప్పుడు తెలిసింది. అదే దెబ్బ తిని, మళ్ళీ లేచి పరిగెత్తిన మనిషిని.

క్రౌస్ గొంతు సవరించుకున్నాడు. "విరిగిందా అని అడుగుతావేమయ్యా! ఆ చప్పుడు మైదానం అవతలి చివరికి వినబడింది. మరుసటేడు ఆ కాలితోనే పరిగెత్తి మమ్మల్ని గెలిపించాడు."

"ఏ కాలు?"

"ఎడమ," అన్నాడు క్రౌస్.

"కుడి," అన్నాడు డాక్టరు అదే క్షణంలో.

నెల్స్ ఇద్దరివంకా మార్చి మార్చి చూశాడు. జన్మలో అబద్ధమాడని థోరా ముందుకొచ్చింది.

"రెండూను! ఆ తొడల మీద అతుకులు నేను చేత్తో తడిమి చూశాను!"

ముగ్గురు మగాళ్ళూ ఆమెవంక తిరిగారు. తానేమన్నదో అప్పుడు అర్థమై థోరా బీట్‌రూట్‌లా ఎర్రబడింది.

నెల్స్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "అమ్మో! మా ఆవిడ బయట బండిలోనే ఉంది, ఇది ఇప్పుడే చెప్పాలి!" అంటూ లేచి, ఆ కాలు కింద మోపి, గోడ పట్టుకుని కుంటుకుంటూ బయల్దేరాడు.

"నెల్స్! ఆగు! చెప్పావంటే చూడు!" అని థోరా వెంటపడింది. అతను అప్పటికే గుమ్మం దాటేశాడు.