పప్పు ఉడకని నీళ్లు

"అక్కా, ఇయ్యాల నల్లా రాదంట. అవ్వ పోయిందంట."

ఎదురు అపార్ట్‌మెంట్ కొత్త వాచ్‌మన్ ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పాడు. నేను బిందె పట్టుకుని మా గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మొదటి మాటకు తల ఊపాను. రెండో మాట లోపలికి పోవడానికి కొంచెం సేపు పట్టింది. ఏ అవ్వ అని అడగాల్సిన పని లేదు. అశోక్‌నగర్‌లో మా గల్లీకి అవ్వ అంటే ఒక్కతే. పన్నెండేళ్లు ఆ అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉన్న మనిషి. మోకాళ్లు మొరాయిస్తున్నాయని నాలుగు నెలల కింద పాలమూరు వైపు తన ఊరికి, బిడ్డ దగ్గరికి వెళ్లింది. అక్కడే, పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట.

నేను ఏడో తరగతి దాకే చదివాను. ఇలాంటివి రాయడం అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పెళ్లయి ముషీరాబాద్ నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, బయటివాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకుగా ఉండేది. కూరగాయల బండి వచ్చేది, నేను గేటు దాకా వెళ్లేదాన్ని, పిలవలేకపోయేదాన్ని, బండి వెళ్లిపోయేది. రెండు మూడు రోజులు ఇది చూసిన అవ్వ, నాలుగో రోజు తన గేటు దగ్గర నుంచే కేకేసింది.

"ఓ బండాయనా! ఆగు! మా కోడలు గంతగనం పిలుస్తున్నది, నీకు ఇనవడ్తలేదా?"

నేను పిలవనే లేదు. గల్లీ అంతా నవ్వింది. బండాయన మాత్రం ఆ రోజు నుంచి మా గేటు ముందు ఆగకుండా పోలేదు.

ఆమె మెడ చాలా నిటారుగా ఉండేది. కింద పడిన చీపురు తీసుకోవాలన్నా మెడ వంచకుండా మోకాళ్ల మీద కూర్చునేది. "ముప్పయ్యేండ్లు తట్ట మోసిన మెడ బిడ్డా. వంగుమంటే వంగది" అనేది. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి ఒక మూటతో కాచిగూడ స్టేషన్‌లో దిగింది. రోజూ పొద్దున్నే నారాయణగూడలో కూలీల అడ్డా మీద నిలబడేది. ఎవరు పిలిస్తే వాళ్ల స్లాబుకు కాంక్రీటు మోసేది. వరసలో నిలబడి తట్టలు చేతులు మార్చుకోవడం గురించి ఒక మాట చెప్పేది. "తట్ట బరువుండది. పక్కదాని చెయ్యి ఆలస్యమయితే బరువయితది."

ఆమెతో చిక్కడపల్లి మార్కెట్‌కు నడిచి వెళ్తే ఒక వింత. మనం చుట్టాల ఇళ్లు చూపించినట్టు ఆమె స్లాబులు చూపించేది. "గా పచ్చ బిల్డింగు రెండో స్లాబు మాదే. గిది పోసేటప్పుడు మా చిన్నది కడుపుల ఉండె." నేను తలెత్తి చూసేదాన్ని. నాకు కిటికీలు, ఆరేసిన బట్టలు కనిపించేవి. ఆమెకు లోపలున్నది కనిపించేది.

ఇంకో అలవాటు. ఎవరు నీళ్లిచ్చినా మొదటి గుక్క వెంటనే మింగేది కాదు. నోట్లో పెట్టుకుని, ఎటో చూస్తూ ఆగి, తర్వాత మింగేది. పన్ను నొప్పేమో అనుకునేదాన్ని.

ఇన్ని స్లాబులు చూపించిన మనిషి, ఎదురుగా ఉన్న మా ఇంటి గురించి మాత్రం ఎన్నడూ ఏమీ అనలేదు.

రెండేళ్ల కింద వానల తర్వాత మా వెనక గది సీలింగు ఉబ్బడం మొదలైంది. ఆ గది నాది, మా ఆయనది. మా పాపకు అప్పుడు ఐదో నెల. ఒక రోజు పొద్దున పాపకు పెరట్లో స్నానం చేయిస్తుంటే లోపల దబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే బట్ట ఊయలలో, పాపను పడుకోబెట్టే చోట, అరచేతి కంటే పెద్ద కాంక్రీటు పెచ్చు. పైన ఎర్రగా తుప్పు పట్టిన చువ్వలు.

ముందు గదిలో కూడా నీళ్ల ట్యాంకు కింద కొంచెం ఊడింది. మా ఆయన తెలిసిన ఇంజనీరును పిలిచాడు. ఆయన తలెత్తి చూసి, ముప్పై ఏళ్ల స్లాబు కదా, ఇల్లు ఖాళీ చేసి మొత్తం తీసేసి కొత్తది పోసుకోండి అన్నాడు. తర్వాత మేస్త్రి వచ్చాడు.

"మొత్తం తీసుడెందుకు సార్? ఊడేది ఊడగొట్టి, మందు కలిపి ప్లాస్టర్ చేస్తా. వారం పని. రంగేసినంక ఎక్కడ పడ్డదో మీరే గుర్తువట్టరు."

అత్తమ్మకు ఈ మాట నచ్చింది. ఇల్లు కట్టించింది మామయ్య. ఆయన ఇప్పుడు లేరు. "ఆయన దగ్గరుండి పోయించిన స్లాబు. దాన్ని పలగ్గొడ్తమంటే నేను ఊకోను" అంది. ప్లాస్టర్ చేయించాలని తేల్చారు. మేస్త్రి చెప్పిన మాటే నన్ను భయపెట్టింది. ఎక్కడ పడిందో గుర్తు కూడా ఉండదట. అక్కడే మళ్లీ ఊయల కట్టాలి. కానీ అందరి ముందు నోరు తెరిచి ఏమని చెప్పను?

పాపను చంకనేసుకుని వెళ్లి అవ్వకు చెప్పుకున్నాను.

"ఏ రూముల పడ్డది?" అని అడిగింది.

"వెనక రూములో."

అవ్వ మెట్టు మీద కూర్చుంది. మా డాబా వైపు చూసింది.

"గా స్లాబు మేం పోసిందే బిడ్డా. పొద్దుగాల డ్రమ్ములల్ల నల్లా నీళ్లు నింపిండ్రు. రోడ్డు దిక్కుకెళ్లి మొదలువెట్టినం. బువ్వ తిని లేచేసరికి డ్రమ్ములు ఖాళీ. పక్క జాగల బోరింగు ఉండె. ఉప్పు నీళ్లు. గా నీళ్లల్ల పప్పు గూడ ఉడకలే ఆ రోజు. గదే అప్పటి మేస్త్రికి చెప్పిన. 'మనం పప్పు వండుతున్నమా, స్లాబు పోస్తున్నమా' అని నవ్విండు. అందరు నవ్విండ్రు. వెనక రూము మొత్తం గా నీళ్లే. నేనే మోసిన."

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"వానొచ్చినప్పుడల్ల మీ ఇంటి దిక్కే చూస్తుంటి. ఏం గాకపాయె. నీళ్లు మంచియేనేమో, నాదే ఉత్త అనుమానమేమో అనుకున్న."

ఆమె నీళ్లు నోట్లో ఎందుకు ఆపుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"ఇంట్లోకి వచ్చి చెప్పు" అన్నాను.

"మీ అత్తమ్మ తిడ్తది."

"తిడ్తది" అన్నాను. అవ్వ నా ముఖంలోకి చూసి నవ్వి లేచింది.

లోపల మా ఆయన, అత్తమ్మ, కొలతలు తీసుకుంటున్న మేస్త్రి ఉన్నారు. "అవ్వ ఒక మాట చెప్తదంట. వినండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన వెనక్కి తిరిగి ఎవరు మాట్లాడారా అన్నట్టు చూశాడు.

అవ్వ నిలబడే చెప్పింది. అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "ఉప్పు నీళ్లు పోస్తుంటే మా ఆయన చూసుకుంట ఊకుంటడా? ఏం మాటలు మాట్లాడుతున్నవ్?"

"అయ్య ఆడ లేడమ్మా. కంకర తక్కువవడ్డదని లారీ కోసం ఉరికిండు."

మేస్త్రి నవ్వాడు. "ముప్పయ్యేండ్ల కిందటి నీళ్లు యాదికున్నయా అవ్వా? పొద్దున ఏం తిన్నవో చెప్పు సూద్దాం."

"పొద్దున ఏం తిన్ననో యాదికి లేదు. ఆ రోజు ఏం తిన్ననో ఉన్నది." అత్తమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నువ్వే వండినవ్. మూడు రాళ్లు వెట్టి, ఈడనే. కొత్త కోడలివి. ఎంత మంటవెట్టినా పప్పు ఉడకలే. ఆఖరికి పచ్చిపులుసు పోసినవ్ మాకు."

అత్తమ్మ మెల్లగా మంచం మీద కూర్చుంది.

"పచ్చిపులుసే" అంది. "డ్రమ్ములు ముట్టొద్దు, స్లాబుకు కావాలె అన్నరు. నేను బోరింగు నీళ్లే వెట్టిన. రెండు గంటలు ఊదిన పొయ్యి. పప్పు వండుడు రాని కోడలొచ్చిందని మా అత్త నలుగుట్ల అన్నది. పోయేదాక అన్నది." తర్వాత తలెత్తింది. "అంటే తప్పు నీళ్లదా!"

"నీళ్లదే అమ్మా. నీది గాదు."

అత్తమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అవ్వను చేయి పట్టుకుని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. స్లాబు గురించి ఆమె ఇక మొండికేయలేదు.

మేస్త్రి మాత్రం ఒప్పుకోలేదు. ఎక్కడిదాకా మంచి నీళ్లో చూపించమన్నాడు. అవ్వ మెట్టుమెట్టుకూ ఆగుతూ డాబా ఎక్కింది. కాసేపు అటూ ఇటూ నడిచింది. మెట్ల తలుపు దగ్గర నిలబడి, చేతులతో తట్ట అందుకుంటున్నట్టు ఒకసారి తిరిగింది. రెండడుగులు వేసి, ఇటుక ముక్కతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసింది.

"ఈడిదాక నల్లా. ఈడికెళ్లి బోరింగు."

గీతకు ఇటు జానెడు, అటు జానెడు పగలగొట్టారు. ఇటు చువ్వ నల్లగా, గట్టిగా ఉంది. అటు చువ్వ చేత్తో ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలింది. మేస్త్రి సుత్తె కింద పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు. ముప్పై ఏళ్ల కింద ఒక్క రోజు మోసిన నీళ్లను ఈ మనిషి ఇంత కచ్చితంగా కాళ్లలో దాచుకుంది.

ఇంజనీరు రెండు వైపుల ముక్కలూ పరీక్షకు పంపించాడు. అవ్వ చెప్పిందే తేలింది. ఉప్పు నీళ్లు కలిసిన కాంక్రీటులో చువ్వ లోపలి నుంచే తుప్పు పట్టి ఉబ్బుతుందట, పైపూత ఎన్నిసార్లు పూసినా నెట్టేస్తుందట. ముందు గదిలో చెడిపోయింది ట్యాంకు కారడం వల్లనే కాబట్టి అక్కడ ఊడినంత తీసి, చువ్వలు రుద్ది బాగుచేస్తే చాలన్నాడు. వెనక గది మాత్రం తీసి కొత్తగా పోయాల్సిందే. ఇంటిని మొత్తం కూల్చలేదు. మొత్తం కప్పిపెట్టనూ లేదు.

కొత్త స్లాబు పోసిన రోజు అవ్వ డ్రమ్ముల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ప్రతి డ్రమ్ములో వేలు ముంచి నాలుకకు తాకించుకుంది.

"పప్పు ఉడుకుతదా అవ్వా?" అని మేస్త్రి అడిగేవాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"ఉడుకుతది. స్లాబు పొయ్యి."

కింది నుంచి ఆనించిన కర్రలు, పలకలు తీసేసిన రోజే నాకు ఎక్కువ గుర్తుంది. అప్పటికి పాప పాకడం మొదలుపెట్టింది. గది ఖాళీగా, చల్లగా ఉంది. ఇంజనీరు చూసి బాగుందన్నాడు. అయినా మాలో ఎవరికీ అడుగు లోపల పెట్టబుద్ధి కాలేదు. అత్తమ్మ గుమ్మం బయటే ఆగింది. నేను పాపను చంకనెత్తుకుని ఆమె వెనక నిలబడ్డాను.

అవ్వ చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. గది మధ్యలో కొంగు పరుచుకుని, వెల్లకిలా పడుకుంది.

"అవ్వా, లే. ఇంకా ఊడవలేదు" అన్నాను.

ఆమె పైకే చూస్తోంది. సీలింగు మీద పలకల అచ్చులు వరసగా కనిపిస్తున్నాయి.

"మేం పోసి దిగిపోతుంటిమి బిడ్డా. తెల్లారితే ఇంకో సైటు. పలకలు తీసినంక కింద ఎట్లుంటదో ఏనాడు చూడలే."

పాప నా చంకలోంచి కిందికి జారింది. గడప మీద చేతులు పెట్టి, ఒకసారి నా వైపు చూసి, పాకుతూ లోపలికి పోయింది. నేను ఆపలేదు. అది వెళ్లి అవ్వ భుజానికి ఆనుకుని కూర్చుని, తల వెనక్కి వాల్చి తను కూడా పైకి చూసింది. అవ్వ చేయి ఎత్తింది. ఆమె వేలు గాలిలో ఒక పలక అచ్చు మీద నుంచి ఇంకో పలక అచ్చు మీదికి, మెల్లగా, ఆ గోడ దాకా వెళ్తూ ఉంది.