ఆగ్నేయంలో పెట్టిన వైర్‌లెస్ డబ్బా

తొంభైతొమ్మిది చివర్లో మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక బిల్డింగు పై అంతస్తులో ఉండేది. నా పని నెట్‌వర్క్ చూసుకోవడం. చూసుకోవడం అంటే నా లెక్కలో కాపలా కాయడమే. ఎవరు ఏం దించుకుంటున్నారో, నన్ను చూడగానే ఎవరు గబుక్కున తెర మారుస్తున్నారో కనిపెడుతూ తిరిగేవాణ్ణి. మొదటినుంచీ నాది అనుమానపు బుద్ధి. ఇంట్లో పాలవాడు పోసిన పాలు కూడా మళ్లీ కొలిచి చూసుకునేవాణ్ణి.

ఆ ఏడాది మా బాస్ ఒక వైర్‌లెస్ డబ్బా తెప్పించారు. ల్యాప్‌టాప్‌లో కార్డు పెడితే చాలు, తీగ లేకుండా అందరూ ఒకే ఇంటర్నెట్ లైను పంచుకోవచ్చు. కరెంటుతో నడిచేది ఏదైనా ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు ఆఫీసుకు వాస్తు చూసిన సిద్ధాంతి. సరేనని ఆగ్నేయం మూల, నా బల్ల పక్కనే బిగించాం. దాని మీద పదిహేనుమందిమి పనిచేసేవాళ్లం.

వారం తిరక్కుండానే మధ్యాహ్నాలు లైను నత్తనడక పట్టింది. హాల్లోంచి ఒకటే కేకలు. ఏ కార్డు ఎన్నింటికి తగులుకుందో, కేకలు ఎన్నింటికి మొదలయ్యాయో నాలుగు రోజులపాటు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగు రోజులూ ఒకే కార్డు దొరికింది. వాయవ్యం మూల, ఇనుప బీరువాల వెనక కూర్చునే టెస్టింగ్ అమ్మాయిది. మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ తెరిస్తే లైను పడుకునేది, మూస్తే లేచేది. ఆమె బాచుపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆరు నెలల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది.

బుధవారం వెళ్లి బాస్‌కు చెప్పాను.

"ఖాయమేనా అండీ?" అన్నారు.

"ఖాయమేనండి. పాటలు దించుతోంది."

పాటల సంగతి నేను చూసింది లేదు, పెట్టింది లేదు. నోటికొచ్చేసింది.

"అయితే శుక్రవారంతో పంపించేద్దామండీ" అన్నారాయన.

వెంటనే ఆమె కార్డు నంబరును ఆపేశాను. ఆ మధ్యాహ్నం ఒక్క కేక లేదు. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

గురువారం ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"నా కార్డు బంద్ చేసిన్రంట. నేనేం చేసిన సార్?"

"లైనంతా నువ్వే లాగేస్తున్నావమ్మా."

"రిపోర్టులు పంపుతున్న, అంతే. మీ పక్కన్నే కూసుంట. జర ఓపెన్ చేసి మీరే చూడుండ్రి."

తెరిచాను. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని రిపోర్టులు పంపింది. ఎవరూ అరవలేదు. నా ముందు కాబట్టి బుద్ధిగా ఉందిలే అనుకున్నాను. ఆమె టీకి వెళ్లగానే, ఆ మూల ఏం దాచిందో చూద్దామని నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఏమీ దొరకలేదు. ఊరికే ఒక ఫైలు పంపానో లేదో, "మళ్లీ ఆగిపోయింది!" అని హాల్లోంచి కేక. ఆపేస్తే సర్దుకుంది. మళ్లీ పంపాను, మళ్లీ కేక.

అప్పుడు అర్థమైంది. అంత దూరం నుంచి, ఇనుప బీరువాల చాటు నుంచి ఎవరి కార్డైనా ఈడ్చుకుంటూనే పనిచేస్తుంది. దాని వంతు ముగిసేదాకా మిగతా పద్నాలుగు మందీ ఆగాల్సిందే. ఆమె వాడుకున్నది పిసరంత. ఆ కుర్చీ ఆమెకు చూపించింది నేనే.

పరుగున బాస్ గదికి వెళ్లాను. "డబ్బాను హాలు మధ్యకు మార్చాలండి."

"ఆగ్నేయం నుంచి కదిపేది లేదండీ. మరి పాటలో?"

"లేవండి. ఆ మూలకు అందక లైను ఆగుతోంది. ఆ అమ్మాయిని నా పక్కకు మారిస్తే సరిపోతుందండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కానీ శుక్రవారం ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టారు.

సోమవారం భోజనాల వేళ ఆమె క్యారేజీ నా బల్ల మీదే విప్పింది.

"నేను పాటలు దించుతున్న అని బాస్‌కు ఎవరో చెప్పిన్రంట సార్. ఎవరో మీకెరుకనా?"

"తెలియదమ్మా" అన్నాను.

ఆమె హాల్లో తింటున్నవాళ్లను ఒక్కొక్కరినే పరీక్షగా చూసింది. అచ్చం నేను చూసినట్టే.

"ఇగ వాళ్లతోని కూసోని తినబుద్ధయితలేదు. మీరొక్కరే నా కోసం మాట్లాడిన్రు" అంటూ సొరకాయ కూర నాకు వడ్డించింది. సిగ్గేసింది. అయినా కూర బాగుందని చెప్పి, తింటూ కూర్చున్నాను.