చెల్లికి అందని మందు

నా చిన్నప్పుడు మా బస్తీలో డిస్పెన్సరీ ఉండేది గానీ అందులో మనిషి ఉండేవాడు కాదు. మా దీవిలో పెద్ద ఊరైన రంగత్‌కి దూరంగా, సముద్రపు పాయ ఒడ్డున మాది చేపలు పట్టుకునేవాళ్ళ చిన్న బస్తీ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. పక్కనే తెలుగులో ప్రార్థన చేసుకునే క్రైస్తవుల ఇళ్ళు కొన్ని. డిస్పెన్సరీలో ఉన్న కాంపౌండరుకి బదిలీ అయింది. అతని చోట ఎవరినీ పంపలేదు. తాళం వేసిన ఆ వరండాలో మేము పిల్లలం గవ్వలాడుకునేవాళ్ళం.

ఆ వానాకాలం మా చెల్లికి జ్వరం వచ్చింది. ఇంకా స్కూల్లో వెయ్యని పిల్ల. నా పాత గౌను కాళ్ళకి అడ్డం పడుతుంటే పైకెత్తి పట్టుకుని నా వెనకే తిరిగేది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మా నాన్న వేటకి వెళ్ళి, సముద్రం బాగోక వేరే దీవి దగ్గర ఆగిపోయాడు. మా ఊరొచ్చే లాంచీ కూడా ఆపేశారు. చెల్లి కళ్ళు తేలేస్తుంటే మా అమ్మ దాన్ని భుజాన వేసుకుని రంగత్ ఆసుపత్రికి నడక మొదలుపెట్టింది. పక్కింటి దీదీ గొడుగు పట్టింది. నీళ్ళ సీసాతో వెనకాల నేను.

దారంతా బురద. మధ్యలో చెల్లి నీళ్ళడిగింది. పట్టాను. గుటక పడలేదు, పెదవుల పక్కనుంచి కారిపోయాయి. కాసేపటికి అమ్మ నడవడం ఆపేసింది. ఏమైందమ్మా అన్నాను. దీదీ గొడుగు మడిచేసింది. అందరం వానలో అలాగే నిలబడ్డాం. తర్వాత అమ్మ వెనక్కి, ఇంటి వైపు తిరిగింది. అప్పుడు నాకర్థమైంది.

వానలు తగ్గాక పెద్ద అధికారి ఒకాయన మా బస్తీకి వచ్చాడు. వచ్చే సాబులు దిగడానికి జెట్టీ దగ్గర కట్టిన గెస్ట్ హౌస్ తెరవడానికి వచ్చాడాయన. పిల్లలందరి చేతా స్వాగతం పాట పాడించారు. నేనూ పాడాను. ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా అని చివర్లో ఆయన అడిగాడు. కొత్తవాళ్ళ ముందు తలెత్తని మా అమ్మ లేచి నిలబడింది.

"సాబ్, డిస్పెన్సరీకి మనిషిని ఎప్పుడు పంపుతారు?" అంది వచ్చీరాని హిందీలో.

నిధులు లేవమ్మా, వచ్చాక చూద్దాం అన్నాడాయన. మెత్తగానే అన్నాడు.

అమ్మ ఒకసారి గెస్ట్ హౌస్ వైపు చూసింది. "బియ్యం తక్కువైన రోజు మేము ముందు పిల్లలకి తీసి పక్కన పెడతాం సాబ్. చుట్టాలొచ్చినా దాన్ని ముట్టుకోం. మిగిలితేనే మేము తింటాం. సర్కారు కూడా అలా ముందే తీసి పెట్టొచ్చు కదా."

పక్కనున్నవాళ్ళు కూర్చోమని సైగ చేశారు. ఆయన వాళ్ళని ఆపి, "నీ పిల్లకి ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగాడు.

"నా పిల్ల పోయింది సాబ్. నేనడిగేది వీళ్ళకి," అని వరసలో నిలబడ్డ మమ్మల్ని చూపించింది.

మనిషిని పంపిస్తానమ్మా అన్నాడాయన. ఆ మాట నిలబెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి నర్సు వచ్చింది. వేలి మీద గుచ్చి రక్తం తీసేది, మలేరియా బిళ్ళలిచ్చేది. ఆ ఏడు నాకూ అదే జ్వరం వచ్చింది. చేదు బిళ్ళలు మింగాను, తగ్గిపోయింది. ఆకలేస్తోందని నేను అన్నం అడిగిన రోజు అమ్మ పళ్ళెం నా ముందు పెట్టి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను బతికానని సంతోషం అనుకున్నాను. ఆ ఏడుపెందుకో నాకు పిల్లలు పుట్టాకే తెలిసింది. చెల్లిది నాలుగు బిళ్ళలతో పోయే జ్వరమని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

ఆ నర్సుకీ బదిలీ అయింది. మళ్ళీ తాళం పడింది, అమ్మ మళ్ళీ వెళ్ళి అడిగింది. ఓపిక ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ పని నాది. పంచాయతీ మీటింగులో రోడ్డుకింత, జెట్టీకింత అని చదువుతుంటే నేను లేచి, పిల్లలకి ముందు ఏం తీసి పెట్టారని అడుగుతాను. ఇక్కడ అమ్మమ్మని నానీ అంటారు; నానీ మళ్ళీ మొదలెట్టింది అని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. మోకాళ్ళు నొప్పెడుతున్నా జవాబు చెప్పేదాకా కూర్చోను. మా అమ్మలాగే నెమ్మదిగా అడగాలని చూస్తాను గానీ, సగంలోనే అరిచేస్తాను. ఇన్నేళ్ళయినా.